శాం హ్యూస్టన్: రెండు రాజీనామాలు, ఒక నిరాకరణ

ఇర్వింగ్‌లో మన పిల్లలు శాం హ్యూస్టన్ గురించి బడిలో చదువుకుంటారు. పెద్దలమైన మనకు హ్యూస్టన్ అంటే ఊరే!

1793లో వర్జీనియాలో పుట్టిన ఈయన, చెరోకీల వేషంలో యుద్ధమంత్రి ముందుకు వెళ్ళి చీవాట్లు తిని, 1818లో సైన్యం వదిలేశారు. 1829లో పెళ్ళయిన కొన్ని వారాలకే భార్య పుట్టింటికి వెళ్ళిపోతే టెనెస్సీ గవర్నరు పదవికి రాజీనామా ఇచ్చి, కారణం చెప్పకుండా మళ్ళీ చెరోకీల దగ్గరికే చేరారు. 1836లో శాన్ జసింటో విజయం, ఆపైన టెక్సస్ అధ్యక్ష పదవి.

1861లో టెక్సస్ గవర్నరుగా ఉండగా, అమెరికా నుంచి విడిపోయిన దక్షిణాది కూటమికి విధేయత ప్రమాణం చేయనన్నారు. (ఆయన ఇంట్లోనూ బానిసలున్నారు, అది దాచక్కర్లేదు.) ఈసారి రాజీనామా ఇవ్వలేదు. పదవి ఖాళీ అయిందని వాళ్ళే ప్రకటించారు. లింకన్ సైన్యం పంపుతానన్నా వద్దని ఇంటికి వెళ్ళిపోయారు. 1863లో హంట్స్‌విల్‌లో కన్నుమూశారు, యుద్ధం ఇంకా సాగుతుండగానే.