మంచుపై ఎగిరిన వనిత: థెరీసా వెల్డ్

చెరువులే నెఱ్ఱెలు విచ్చు అనంతపురం సీమవారికి మంచుపై నాట్యము వింతగా తోచవచ్చును. అయినను ఆ క్రీడలో ఒక స్త్రీ వేసిన ఒక్క గంతు కథ మనకును తెలియదగినది.

థెరీసా వెల్డ్ 1893లో అమెరికాలోని బ్రూక్‌లైన్‌లో జన్మించినది. 1914లో జాతీయ విజేత అయినది. మరల 1920 నుండి 1924 వరకు వరుసగా ఐదేండ్లు ఆ గౌరవమును నిలుపుకొన్నది.

1920లో ఆంట్వెర్ప్ ఒలింపిక్ క్రీడలలో ఆమె సాల్‌కావ్ గంతు వేసినది. ఒక పాదపు లోపలి అంచుపై వెనుకకు జారుచు ఎగిరి, గాలిలో ఒక చుట్టు తిరిగి, రెండవ పాదపు వెలుపలి అంచుపై దిగుట దాని పద్ధతి. స్వీడన్ దేశీయుడు ఉల్రిక్ సాల్‌కావ్ 1909లో దానిని కల్పించినాడు. పురుషుడు వేసిన నేర్పనిపించుకొన్న ఆ గంతు స్త్రీ వేయగా మర్యాదకు లోపమయ్యెను. పావడా మోకాళ్లదాక లేచుట తగదని న్యాయనిర్ణేతలు ఆమెను మందలించిరి. ఆమెకు కాంస్య పతకము దక్కినది.

ఆ కాలముననే తాడిపత్రిలో పుట్టిన బళ్ళారి రాఘవ రంగస్థలమున స్త్రీ పాత్రలను స్త్రీలే ధరింపవలెనని వాదించుచుండెను. అడ్డు ఇచ్చటను అచ్చటను ఒక్కటియే.

వెల్డ్ వెనుదీయలేదు. 1924, 1928 ఒలింపిక్ క్రీడలలోను పాల్గొన్నది. 1923లో ఆరంభమైన స్కేటింగ్ పత్రికకు సుమారు నలుబదియేండ్లు సంపాదకురాలుగా నుండి, 1978లో కన్నుమూసినది.

2004లో వచ్చిన నూతన విధానములో ప్రతి గంతునకును రకమునుబట్టి, చుట్లనుబట్టి మూల విలువ కలదు. చుట్టు పాతిక భాగము తగ్గినదేమో నిపుణులు చిత్రమును మెల్లగా త్రిప్పి చూతురు. నాణ్యతనుబట్టి న్యాయనిర్ణేతలు ఐదు మెట్లు హెచ్చింతురు, లేదా తగ్గింతురు. పావడా ఎంత లేచినదను లెక్క అందులో లేదు.

మార్కులు వేయువాడు తాను దేనిని కొలుచుచున్నాడో ముందుగా తెలిసికొనవలెను. ఉపాధ్యాయులకు ఈ జీవితము నేర్పు పాఠమిది.