పరిపాలనకు శాస్త్రరూప మొసగిన హెన్రీ ఫేయోల్

రాజ్యపాలనము ఒక విద్యయని మన పూర్వులు చిరకాలము క్రిందటనే గ్రహించిరి. కౌటిల్యుడు అర్థశాస్త్రమును రచించెను. శ్రీకృష్ణదేవరాయలు తన ఆముక్తమాల్యదలో రాజనీతికి విశేషస్థానము నొసగెను. కాని గనులు, కర్మాగారములు, రైల్వేలు, తపాలా శాఖలు మున్నగు మహాసంస్థలు వెలసిన ఆధునిక యుగమున ఆ విద్యను మరల నేర్వవలసి వచ్చెను. వేలకొలది మనుష్యులు ఒక్క కార్యమునకై కలిసి పనిచేయునపుడు వారిని నడపు ధర్మము లేవి యను ప్రశ్నకు క్రమబద్ధమైన సమాధానము చెప్పినవారిలో అగ్రగణ్యుడు ఫ్రెంచి గనుల ఇంజనీరు హెన్రీ ఫేయోల్.

ఫేయోల్ 1841 జూలై 29వ తేదీన ఇస్తాంబుల్ నగరమున జన్మించెను. ఆయన తండ్రి ఉద్యోగరీత్యా అప్పుడు ఆ నగరమున నుండెను. ఫేయోల్ బాల్యముననే కుటుంబము ఫ్రాన్సుకు తిరిగివచ్చెను. ఆయన సెంట్ ఎతియెన్ పట్టణమందలి గనుల కళాశాలలో చదివి, 1860లో, పందొమ్మిదవ యేట, కామెంత్రీ బొగ్గుగనిలో ఇంజనీరుగా ప్రవేశించెను. ఆ గనిని నడపుచున్న కంపెనీతో సంబంధమును ఆయన మరణపర్యంతము విడువలేదు.

ఉద్యోగమున చేరిన మరుసటి యేడు, 1861 మే మాసములో, ఒక చిన్న సంఘటన జరిగెను. గనిలోని ఆఱవ అంతస్తులో పనిచేయు గుఱ్ఱమునకు కాలు విఱిగెను. దానికి మారుగా మఱియొక గుఱ్ఱమును పంపుమని ఫేయోల్ గుఱ్ఱపుసాలకు చీటి వ్రాసెను. సాల కాపరి ఆ చీటిని అంగీకరింపలేదు. డైరెక్టరు సంతకము లేనిదే గుఱ్ఱమును ఈయరాదని అతనికి ఖచ్చితమైన ఉత్తరువు కలదు. డైరెక్టరు ఆనాడు ఊర లేరు. వారికి బదులుగా సంతకము చేయుటకు ఎవ్వరును నియమింపబడలేదు. యువ ఇంజనీరు ఎంత బ్రతిమాలినను కాపరి వినలేదు. ఆఱవ అంతస్తులో పని నిలిచిపోయెను.

దేవుడు వరమిచ్చినను పూజారి వరమీయడని లోకోక్తి కలదు. కాని ఇచ్చట నేరము పూజారిది కాదు. కాపరి తనకిచ్చిన ఉత్తరువును పాటించెను. గని చెడలేదు, బొగ్గు తరుగలేదు, పనివారు సోమరులు కారు. అయినను పని ఆగెను. అధికారి లేనపుడు అధికారము ఎవరియందుండవలెనో ముందుగా ఆలోచింపకపోవుటయే లోపము. అధికారమునకు ఎల్లవేళల ఒక ప్రతినిధి యుండవలెనను నీతిని ఫేయోల్ తన దినచర్య పుస్తకమున వ్రాసికొనెను. ఆయన సిద్ధాంతములన్నిటికి బీజము అట్టి అనుభవములే.

గనులలో తఱచుగా చెలరేగు అగ్నిని అదుపుచేయు పద్ధతులలో ఆయన నేర్పు చూపెను. 1866లో, ఇరువదియైదవ యేట, కామెంత్రీ గనికి మేనేజరయ్యెను. 1872లో కొన్ని గనుల సముదాయమునకు డైరెక్టరయ్యెను. బొగ్గుపొరలు ఏర్పడిన తీరును గూర్చి ఆయన చేసిన భూగర్భశాస్త్ర పరిశోధనలను పండితులు గౌరవించిరి.

నిజమైన పరీక్ష 1888లో వచ్చెను. ఆ సంవత్సరము ఆయన కంపెనీకి ప్రధాన నిర్వాహకుడుగా నియమింపబడెను. అప్పటికి కంపెనీ దివాలా అంచున నుండెను. 1885 నుండి వాటాదారులకు లాభాంశము చెల్లింపలేదు. ఇనుప కర్మాగారములు నష్టములో నుండెను. కామెంత్రీలో బొగ్గు నిల్వలు తఱిగిపోవుచుండెను. కంపెనీ మూతపడినచో వేలాది కుటుంబముల జీవనాధారము పోవును. ఫేయోల్ లాభము లేని కొన్ని పాత కర్మాగారములను మూసెను. దెకాజ్‌విల్ గనులను, తరువాత తూర్పు ఫ్రాన్సులోని ఇనుప ఖనిజపు గనులను చేర్చుకొనెను. పరిశోధనకు ప్రోత్సాహ మిచ్చెను. ఉష్ణోగ్రత మారినను దాదాపు వ్యాకోచింపని ఇన్వార్ లోహమును గూర్చి గియోమ్ అను శాస్త్రవేత్త చేసిన పరిశోధనకు ఈ కంపెనీకి చెందిన ఇంఫీ ఉక్కు కర్మాగారము తోడ్పడెను. ఆ శాస్త్రవేత్తకు 1920లో నోబెల్ బహుమానము లభించెను. ఫేయోల్ 1918లో పదవీవిరమణ చేయునాటికి కంపెనీ ఆర్థికముగా సుస్థిరమై యుండెను.

ఈ విజయమును ఆయన తన ప్రతిభకు ఆపాదించుకొనలేదు. అవే గనులు, అవే కర్మాగారములు, అదే సిబ్బంది యుండగా కేవలము పరిపాలనా పద్ధతి మారుటచేత సంస్థ దశ మారెనని ఆయన విశ్వసించెను. అట్లయినచో ఆ పద్ధతి ఇతరులకు బోధింపదగినదే. సాంకేతిక విద్యను నేర్పు కళాశాలలు పరిపాలనను నేర్పకుండుట గొప్ప లోపమని ఆయన భావించెను. ఈ భావములను 1916లో ఒక గ్రంథరూపమున వెలువరించెను.

ఏ సంస్థయందైనను ఆఱు విధములైన పనులు కలవని ఆయన గుర్తించెను: సాంకేతికము, వాణిజ్యము, ద్రవ్య వ్యవహారము, రక్షణము, లెక్కలు, పరిపాలన. కార్మికునకు కావలసిన సామర్థ్యములో నూటికి 85 వంతులు సాంకేతికము, 5 వంతులు మాత్రమే పరిపాలన. పదవి పెరిగినకొలది మొదటిది తగ్గి రెండవది పెరుగునని పట్టిక వేసి చూపెను. ఆ పరిపాలనకు ఐదు అంగములు కలవు. రాబోవు కాలమును ఊహించి ప్రణాళిక వేయుట మొదటిది. మనుష్యులను, సాధనములను అమర్చుట రెండవది. ఆజ్ఞాపించి పని నడిపించుట మూడవది. వివిధ శాఖల పనిని సమన్వయించుట నాల్గవది. అనుకొన్నట్లు జరుగుచున్నదా యని తనిఖీ చేయుట ఐదవది.

వీనికి తోడు పదునాలుగు సూత్రములను చెప్పెను. అధికార మున్నచోట బాధ్యత యుండవలెను. ఒక ఉద్యోగి ఒక్క అధికారి ఆజ్ఞకే లోబడవలెను. వేతనము న్యాయముగ నుండవలెను. నిబంధనకు దయ తోడైనపుడే సమత యేర్పడును. ఉద్యోగులను మాటిమాటికి మార్చరాదు. క్రిందివారి చొరవను అణచరాదు. సిబ్బందిలో ఐకమత్యమును పెంపొందింపవలెను. ఈ సూత్రములు రాతిపై చెక్కిన శాసనములు కావనియు, సందర్భమును బట్టి అన్వయింపవలెననియు ఆయనయే హెచ్చరించెను.

వీనిలో కార్యాలయములకు మిక్కిలి సంబంధించినది అధికార శ్రేణి. రెండు నిచ్చెనలు పైన ఒక్కచోట కలిసియున్నవనుకొందము. ఒక నిచ్చెన క్రిందిమెట్టున నున్న ఉద్యోగి రెండవ నిచ్చెనలో తనతో సమానుడైన ఉద్యోగితో పని పడినపుడు, కాగితము శిఖరము వఱకు ఎక్కి మరల దిగవలెను. ఈ లోపల కాలము గడచిపోవును. అందుచే ఆ ఇరువురి నడుమ ఒక వంతెన వేయవచ్చునని ఫేయోల్ చెప్పెను. వారి పై అధికారులు ముందుగా అనుమతింపవలెను. జరిగిన దానిని వెంటనే వారికి తెలుపవలెను. శ్రేణికి భంగము రాదు, పనియు ఆగదు. ప్రభుత్వ శాఖలలో ఈ వంతెన అరుదుగా వాడబడుచున్నదని ఆయన విచారించెను.

విరమణానంతరము ఆయన పారిస్‌లో పరిపాలనా అధ్యయన కేంద్రమును నెలకొల్పి, తన దృష్టిని ప్రభుత్వము వైపు మరల్చెను. ఫ్రాన్సు తపాలా, తంతి, టెలిఫోను శాఖను పరిశీలించి 1921లో తన అభిప్రాయములను ప్రకటించెను. శాఖాధిపతులు త్వరత్వరగా మారుచుండుట, దీర్ఘకాల ప్రణాళిక లేకుండుట, ఆస్తి అప్పుల పట్టిక లేకుండుట, మంచి పనికి ప్రోత్సాహము లేకుండుట ఆయన చూపిన లోపములు. నిందింపబడినది వ్యవస్థయే గాని ఉద్యోగులు కారు. గుఱ్ఱపుసాల కాపరి విషయమునను ఆయన దృష్టి అదియే. 1923లో బ్రస్సెల్స్ నగరమున జరిగిన పరిపాలనా శాస్త్ర మహాసభలో ఆయన ప్రసంగించెను. 1925లో, ఎనుబది నాల్గవ యేట, పారిస్‌లో మరణించెను.

ఆయన గ్రంథమునకు 1949లో వెలువడిన ఆంగ్లానువాదము బహుళ ప్రచారము పొందెను. అందు పరిపాలన యను మాటకు బదులు మేనేజిమెంటను మాట వాడబడుటచే, అది వ్యాపారులకు మాత్రమే చెప్పిన పాఠమను భ్రమ కొంత వ్యాపించెను. ఆయన ఉద్దేశము అది కాదు. గృహము మొదలు రాజ్యము వఱకు అన్నిటికి ఈ ధర్మములు వర్తించునని ఆయన మతము. 1946లో హెర్బర్ట్ సైమన్ ఇట్టి సూత్రములు ఒకదానితో నొకటి విభేదించు సామెతల వంటివని విమర్శించెను. ఆ విమర్శలో సత్యము లేకపోలేదు. అయినను ప్రణాళిక, అమరిక, ఆజ్ఞ, సమన్వయము, నియంత్రణము అను ఐదు అంగములను విడిచి నిర్వహణ శాస్త్రమును బోధించు గ్రంథము అరుదు.

సంతకము చేయువారు లేక నిలిచిన కాగితము వెనుక ఎక్కడనో ఒక గని ఆగియుండును; ఒక పింఛను అందకుండును; ఒక రోగికి మందు చేరకుండును. తాను లేనపుడును పని సాగునట్లు ఏర్పాటు చేసినవాడే మంచి అధికారి యని ఫేయోల్ జీవితము బోధించుచున్నది. పదవి చిన్నదైనను పెద్దదైనను, ఈ ఒక్క పాఠమును ఆచరణలో పెట్టిన ఉద్యోగి ప్రజలకు చేయు సేవ స్వల్పము కాదు.