బిల్లీ ఫ్యూరీ

బిల్లీ ఫ్యూరీ (ఏప్రిల్ 17, 1940 - జనవరి 28, 1983) ఇంగ్లాండుకు చెందిన ప్రముఖ రాక్ ఎండ్ రోల్ గాయకుడు, గీత రచయిత మరియు నటుడు. ఇతని అసలు పేరు రోనాల్డ్ విచర్లీ. 1960 దశకపు తొలి సంవత్సరాలలో బ్రిటనులో మిక్కిలి ప్రజాదరణ పొందిన గాయకులలో ఇతడు ఒకడు. ఇతని పాటలు పదకొండు మార్లు బ్రిటిషు అమ్మకాల పట్టికలో మొదటి పది స్థానాలలో నిలిచినప్పటికీ, ఒక్కటి కూడా ప్రథమ స్థానానికి చేరలేదు.

బాల్యము

రోనాల్డ్ విచర్లీ లివర్‌పూల్ నగరంలో జన్మించాడు. కార్మికులు అధికంగా నివసించే డింగిల్ ప్రాంతంలో పెరిగాడు. తరువాతి కాలంలో బీటిల్స్ బృందంలో డ్రమ్ములు వాయించిన రింగో స్టార్ కూడా ఇతడు చదివిన పాఠశాలలోనే చదివాడు. చిన్నతనంలో సోకిన కీళ్ళవాత జ్వరం వలన ఇతని గుండె కవాటాలు దెబ్బతిన్నాయి. ఈ లోపం ఇతనిని జీవితాంతం వెన్నాడింది. పియానో, పిదప గిటారు నేర్చుకొని, కౌమారంలోనే సొంతంగా పాటలు వ్రాయసాగాడు. చదువు మానిన తరువాత కొంతకాలం మెర్సీ నదిలో ఓడలను లాగే పడవపై పనిచేశాడు.

గాన రంగ ప్రవేశము

1958 అక్టోబరులో లివర్‌పూల్‌కు నది ఆవలి ఒడ్డున ఉన్న బర్కెన్‌హెడ్ పట్టణంలోని ఎసోల్డో థియేటరులో మార్టీ వైల్డ్ కచేరీ జరిగింది. తన పాటలను వినిపించాలన్న ఆశతో రోనాల్డ్ అక్కడికి వెళ్ళాడు. కచేరీ నిర్వాహకుడు లారీ పార్న్స్ ఆ పాటలు విని, అదే రాత్రి ఇతనిని వేదిక ఎక్కించాడు. తన గాయకులకు ఆవేశాన్ని స్ఫురింపజేసే కొత్త పేర్లు పెట్టడం పార్న్స్ అలవాటు. ఆ ప్రకారమే రోనాల్డ్ విచర్లీ బిల్లీ ఫ్యూరీ అయ్యాడు. ఆంగ్లములో ఫ్యూరీ అనగా రౌద్రము. వేదిక వెలుపల మాత్రం ఇతడు బిడియస్తుడు.

డెక్కా సంస్థ 1959లో విడుదల చేసిన ఇతని మొదటి రికార్డు 'మేబీ టుమారో' ఇతని సొంత రచనే. వేదికపై ఇతని కదలికలు అసభ్యంగా ఉన్నాయని విమర్శలు వచ్చాయి. 1959లో డబ్లిన్‌లో జరిగిన ఒక ప్రదర్శనను మధ్యలోనే తెర దించి ఆపివేశారు. ఆ తరువాత ఇతడు తన అభినయాన్ని తగ్గించుకోవలసి వచ్చింది.

1960లో వెలువడిన 'ది సౌండ్ ఆఫ్ ఫ్యూరీ' ఆల్బమ్‌లోని పాటలన్నీ ఇతడు వ్రాసినవే. కొన్నింటికి విల్బర్ విల్బర్‌ఫోర్స్ అనే మారుపేరు వాడుకున్నాడు. జాక్ గుడ్ పర్యవేక్షణలో, జో బ్రౌన్ గిటారు సహకారంతో తయారైన ఈ ఆల్బమ్‌ను బ్రిటిషు రాక్ ఎండ్ రోల్ చరిత్రలో ఒక మైలురాయిగా పరిగణిస్తారు. గాయకులు ఇతరులు వ్రాసిన పాటలను పాడడమే ఆనవాయితీగా ఉన్న రోజులలో ఇది విశేషం.

విజయ పరంపర

ఆ రోజులలో గాయకుని స్థాయిని నిర్ణయించినది సింగిల్. ఇది నిమిషానికి 45 చుట్లు తిరిగే, ఒక్కొక్క వైపు ఒక్కొక్క పాట ఉండే చిన్న రికార్డు. వారంవారం వెలువడే అమ్మకాల పట్టికలో దాని స్థానాన్ని బట్టి గాయకునికి గిరాకీ ఉండేది. సొంత పాటల కంటే వాద్యబృందంతో కూడిన ప్రేమగీతాలే ఎక్కువ అమ్ముడుపోతాయని తేలడంతో ఫ్యూరీ ఆ మార్గం పట్టాడు. 1961లో 'హాఫ్‌వే టు పారడైజ్' మూడవ స్థానానికి, 'జెలసీ' రెండవ స్థానానికి చేరుకున్నాయి. ఇతనికి దక్కిన అత్యున్నత స్థానం అదే. ఈ విజయాల వెల్లువలో ఇతనిలోని రచయిత మరుగున పడ్డాడు.

1962లో ఇతనికి వాద్య సహకారం అందించిన టోర్నడోస్ బృందం, అదే ఏడాది సొంతంగా విడుదల చేసిన 'టెల్‌స్టార్' వాద్యగీతంతో బ్రిటనులోను, అమెరికాలోను ప్రథమ స్థానం పొందింది. అంతకు ముందు 1960 మే నెలలో ఫ్యూరీకి తోడుగా వాయించే బృందం కోసం పార్న్స్ లివర్‌పూల్‌లో జరిపిన ఎంపికకు, అప్పటికి ఊరూపేరూ లేని బీటిల్స్ సభ్యులు కూడా వచ్చారు. వారికి ఆ అవకాశం దక్కలేదు. జానీ జెంటిల్ అనే మరొక గాయకునితో వారిని స్కాట్లాండు పర్యటనకు పంపారు. 1963 తరువాత ఆ బీటిల్స్ ప్రభంజనంలోనే పాతతరం ఏకగాయకులు చాలామంది వెనుకబడిపోయారు. ఫ్యూరీ మాత్రం 1965 వరకు మొదటి పది స్థానాలలో కనిపిస్తూనే ఉన్నాడు.

నటునిగా

మైకేల్ విన్నర్ దర్శకత్వం వహించిన 'ప్లే ఇట్ కూల్' (1962) చిత్రంలోను, తరువాత 'ఐ హావ్ గాటా హార్స్' (1965) చిత్రంలోను కథానాయకునిగా నటించాడు. 1973లో విడుదలైన 'దట్ విల్ బి ద డే' చిత్రంలో స్టార్మీ టెంపెస్ట్ అనే రాక్ గాయకుని పాత్ర పోషించాడు. రింగో స్టార్ కూడా అందులో నటించాడు.

చివరి సంవత్సరాలు, మరణము

1966లో పార్లోఫోన్ సంస్థకు మారిన తరువాత ఇతని రికార్డులేవీ పట్టికలో చేరలేదు. 1970 దశకంలో రెండు మార్లు గుండెకు శస్త్రచికిత్స జరిగింది. వేల్స్‌లోని తన పొలంలో పశుపక్ష్యాదుల నడుమ కాలం గడిపాడు. పాత పన్ను బకాయిల కారణంగా 1978లో దివాలా తీసినట్లు ప్రకటింపబడ్డాడు.

1981లో పాలిడార్ సంస్థ ద్వారా తిరిగి పాడడం ప్రారంభించాడు. 1982 మార్చిలో తన పొలంలో కుప్పకూలి, కొంతకాలం చూపు కోల్పోయాడు. అయినా కోలుకొని పాటలు రికార్డు చేశాడు. ఆ ఏడాది, పదహారేళ్ళ తరువాత, ఇతని పాటలు మరల అమ్మకాల పట్టికలోకి వచ్చాయి. కొత్త ఆల్బమ్ వెలువడక మునుపే, 1983 జనవరి 28న గుండె వ్యాధితో లండనులో మరణించాడు. అప్పటికి ఇతని వయస్సు 42 సంవత్సరాలు.

విశేషాలు

* ఫ్యూరీకి పక్షులను పరిశీలించడం మిక్కిలి ఇష్టమైన వ్యాపకం.
* ఇతని గుర్రం ఆన్సెల్మో 1964 డెర్బీ పందెంలో నాలుగవ స్థానంలో నిలిచింది.
* 2003లో అభిమానుల కృషితో లివర్‌పూల్‌లో ఇతని కంచు విగ్రహాన్ని నెలకొల్పారు. దీనిని టామ్ మర్ఫీ రూపొందించాడు.