విత్తనరక్షకుడు వావిలోవు

ధనమును దాచినవారిని మనమెరుగుదుము. గ్రంథములను దాచినవారినిగూడ ఎరుగుదుము. విత్తనములను దాచుటకై తన జీవితమునంతయు ధారవోసిన మహనీయుడొకడు రష్యా దేశమున నుండెను. ఆయన పేరు నికొలాయ్ ఇవానోవిచ్ వావిలోవు. మన విద్యార్థులు తప్పక తెలిసికొనదగిన ఆయన చరిత్రమును ఇచట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

వావిలోవు 1887వ సంవత్సరము నవంబరు 25వ తేదీన మాస్కో నగరమున జన్మించెను. తండ్రి రైతు కుటుంబమున పుట్టి, స్వశక్తిచే వర్తకుడై ధనము గడించినవాడు. తమ్ముడు సెర్గేయ్ భౌతికశాస్త్రమున ప్రసిద్ధికెక్కెను. వావిలోవు మాస్కోలోని వ్యవసాయ విద్యాలయమున చదివి, 1913లో ఇంగ్లండునకు పోయి, జన్యుశాస్త్రజ్ఞుడగు విలియమ్ బేట్సన్ కడ పరిశోధన చేసెను. తెగులు సోకి ఒక రకపు గోధుమ నేలకూలుచుండగా, ప్రక్క మడిలోని వేరొక రకము చెక్కుచెదరక నిలుచుటకు కారణమేమి? ఈ ప్రశ్నయే ఆయనకు దారి చూపెను.

1917లో ఆయన వోల్గా తీరమందలి సరాటొవ్ నగరమున ఆచార్యుడయ్యెను. 1921లో పెట్రోగ్రాడు నగరమునకు పిలువబడి, అచటి వృక్షశాస్త్ర విభాగమునకు అధిపతియయ్యెను. ఆ నగరమే పిమ్మట లెనిన్‌గ్రాడు అని పేరొందెను. 1921, 22 సంవత్సరములలో వోల్గా ప్రాంతమును పీడించిన కరవునందు దాదాపు 50 లక్షల ప్రజలు మరణించిరి. చలికిని, అనావృష్టికిని, తెగుళ్లకును తాళగల పైరులు లేనిదే ఈ దుఃఖము తీరదని వావిలోవు గ్రహించెను.

అట్టి పైరులను వెదకుటకు ఆయన దేశదేశములు తిరిగెను. 1916లోనే పర్షియాను, పామీరు పర్వతములను చూచియుండెను. 1924లో ఆఫ్ఘనిస్థానమునకును, 1926, 27లలో మధ్యధరా సముద్రతీర దేశములకును, అబిసీనియాకును, 1929లో చైనా, జపాను, కొరియాలకును, అటుపిమ్మట అమెరికా ఖండములకును పోయెను. గుఱ్ఱములపైనను, కంచరగాడిదలపైనను కొండదారులు దాటి, సంతలలో, రైతుల కళ్లములలో పిడికెడేసి గింజలను సేకరించి, సంచులలో కట్టి పంపెడివాడు.

ఈ యాత్రల వలన ఆయనకొక గొప్ప విషయము తోచెను. ప్రతి పైరునకును ప్రపంచమున కొన్ని తావులయందు మాత్రమే లెక్కకు మిక్కిలిగా రకములు కలవు. ఆ తావులే ఆ పైరులకు పుట్టినిండ్లని ఆయన 1926లో ప్రకటించెను. అట్టి పుట్టినిండ్లలో భారతదేశమును ఒకటిగా ఆయన లెక్కించెను. మనము నిత్యము తిను వంకాయ, కందిపప్పు, మామిడి ఈ నేల బిడ్డలే. ఆయన సిద్ధాంతమును తరువాతి శాస్త్రజ్ఞులు కొన్ని యెడల సవరించిరి గాని, దాని ముఖ్యభావము నేటికిని నిలిచియున్నది.

1940 నాటికి లెనిన్‌గ్రాడు సంస్థలో గింజలు, దుంపలు కలిసి దాదాపు రెండున్నర లక్షల నమూనాలు చేరెను. విత్తనము బంగారమువలె పెట్టెలో పడియుండు వస్తువు కాదు. దానియందు ప్రాణమున్నది. కొన్నియేండ్లకొకమారు దానిని విత్తి, పండించి, కొత్తగింజను దాచకున్న అది చచ్చిపోవును. ఇంత శ్రమ ఏలయని కొందరడుగవచ్చును. ఐర్లండు దేశప్రజలు బంగాళాదుంపనే నమ్ముకొని, కొద్ది రకములనే నాటిరి. 1845లో తెగులు వచ్చినప్పుడు దానికి తట్టుకొను రకము వారికడ లేకపోయెను. ఆ కరవున పది లక్షల మంది చనిపోయిరి. ఒక్క రకమును నమ్ముకొనుట ఇంటికి ఒక్క నిట్రాట నిలుపుటవంటిది.

ఇట్టి సేవ చేసిన వావిలోవునకు స్వదేశమున కష్టములు దాపురించెను. లైసెంకో అనునతడు జన్యుశాస్త్రమును నిరాకరించి, స్వల్పకాలమున విస్తారమైన పంటలు పండింతునని చెప్పి, స్టాలిన్ ఆదరమును పొందెను. వావిలోవు సత్యమును విడువలేదు. 1940 ఆగస్టు 6వ తేదీన, పశ్చిమ ఉక్రెయిన్‌లో మొక్కలను సేకరించుచుండగా ఆయనను బంధించిరి. దేశద్రోహ నేరము మోపి 1941లో మరణశిక్ష విధించిరి. 1942లో దానిని ఇరువదియేండ్ల కారాగారముగా మార్చిరి. 1943 జనవరి 26వ తేదీన, తాను ఒకప్పుడు పాఠములు చెప్పిన సరాటొవ్ నగరపు చెరసాలలోనే ఆయన కన్నుమూసెను. లోకపు ఆకలిని తీర్చగోరినవాడు ఆకలిచే కృశించి మరణించెను. 1955లో ప్రభుత్వము ఆయన నిర్దోషియని ప్రకటించెను.

ఆయన చెరలోనుండగా 1941 సెప్టెంబరు మొదలు 1944 జనవరి వరకు జర్మనీ సేనలు లెనిన్‌గ్రాడును ముట్టడించెను. నగరమున లక్షలాది ప్రజలు అన్నములేక మరణించిరి. వావిలోవు శిష్యులు, సహచరులు గడ్డకట్టు చలిలో విత్తనశాలకు కాపుండిరి. ఎలుకలనుండి గింజలను రక్షించిరి గాని తాము వానిని ముట్టలేదు. వేరుశనగ గింజలకు కాపున్న షూకిన్, వరి నమూనాలకు కాపున్న ఇవానోవ్, మరికొందరు ఆకలితోనే ప్రాణములు విడిచిరి. ఆ గింజలు తమవి కావనియు, పుట్టబోవువారివనియు వారు నమ్మిరి. ధర్మమనగా ఇంతకంటె వేరేమున్నది?

ఇట్టి రక్షణ వలన కలుగు లాభమును మన దేశపు గడ్డిమొక్క ఒకటి ఋజువు చేసినది. 1970 ప్రాంతమున ఆసియాలోని వరిచేలకు ఒక వైరసు తెగులు పట్టి, మొక్కలు గిడసబారిపోయెను. ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధనాసంస్థవారు ఆరువేలకు పైగా రకములను పరీక్షించిరి. ఉత్తర ప్రదేశ్‌నుండి సేకరింపబడిన ఒక అడవి వరియందు మాత్రమే ఆ తెగులును తట్టుకొను గుణము కనబడెను. ఆ గుణమును చేర్చి 1976లో విడుదల చేసిన ఐఆర్ 36 అను వంగడము, పిమ్మట కోటి ఎకరములకు మించి సాగయ్యెను. సంతలో కాసు వెలచేయని గడ్డి కోట్ల రూపాయల పంటను కాపాడెను. ఏ మొక్కకు ఎప్పుడు పని పడునో ముందుగా చెప్పగలవారెవరు?

నేడు పటాన్‌చెరువులోని అంతర్జాతీయ పరిశోధనాసంస్థలో జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ విత్తనములు భద్రముగానున్నవి. అయినను విత్తనరక్షణ సంస్థల పని మాత్రమే కాదు. మన పెద్దలు గింజలకు బూడిద కలిపి, వేపాకు వేసి, కుండలలోను గాదెలలోను దాచెడివారు. ఏ రాగి ఏ నేలకు తగునో, ఏ వరి ఏ కార్తెకు పండునో వారెరుగుదురు. ఆ పేర్లను మన మాటలోనే మనకు చెప్పిరి. పేరు మరచిన నాడు విత్తనమును మరచుట సులభము.

కావున విద్యార్థులారా, మీ యింటిలోను, ఇరుగుపొరుగు రైతుల యిండ్లలోను పెద్దలనడిగి, పూర్వము సాగుచేసిన పైరుల పేర్లను, గుణములను వ్రాసికొనుడు. ఎచటనైన పాతగింజ మిగిలియున్నచో మన పాఠశాల తోటలో ఒక మడి విత్తుదము. వావిలోవునకు మనము చేయగల నివాళి అదియే.