శ్రీమతి సూర్యకాంతం గారి జీవితం

తాలూకా కచేరీల్లోను, 1985 తర్వాత మండలాఫీసుల్లోను ఓటర్ల జాబితాలు, రేషన్ కార్డుల రిజిస్టర్లు రాసిన మన సభ్యులకు ఒక సంగతి అనుభవంలో ఉండే ఉంటుంది. పెద్ద వయసు ఆడవారి పేర్లలో సూర్యకాంతమ్మలు అక్కడక్కడా తగిలేవారు. వయసు గడిలో అంకె తగ్గుతున్న కొద్దీ ఆ పేరు పలచబడిపోయేది. చీపురుపల్లి, గరివిడి ప్రాంతాల్లో నా చేతి మీదుగా వెళ్ళిన పుస్తకాల్లో 1962 తర్వాత పుట్టిన ఆడపిల్లకు ఆ పేరు ఉండగా చూసిన గుర్తు నాకు లేదు. సూర్యకాంతం అంటే ఒక మణి. పలకడానికీ, వినడానికీ కూడా సొంపైన పేరు. అటువంటి పేరును బారసాల నాడు పళ్ళెంలో బియ్యం మీద రాయడానికి ఏ తండ్రికీ చెయ్యి రాకుండా పోయింది. దానికి కారకురాలైన మనిషి మాత్రం ఎవరికీ ఏ అపకారమూ చేసి ఎరుగదు. ఆమె చేసిందల్లా తనకిచ్చిన పని బాగా చేయడమే.

శ్రీమతి సూర్యకాంతం గారు 1924 అక్టోబరు 28న కాకినాడ దగ్గర వెంకట కృష్ణరాయపురంలో జన్మించారు. తల్లిదండ్రులకు ఆమె పద్నాలుగో సంతానం. అంతమంది తర్వాత పుట్టిన పిల్ల కనుక గారాబం ఎక్కువ. ఆటా పాటా నేర్చుకున్నారు, నాటకాల మీద మోజు పెంచుకున్నారు. ఆ రోజుల కాకినాడ గాలిలోనే నాటకం ఉండేది. ఎస్.వి.రంగారావు గారు, అంజలీదేవి గారు కూడా కాకినాడ రంగస్థలం మీద నడక నేర్చిన వారే. అయితే సంప్రదాయ బ్రాహ్మణ కుటుంబంలోని ఆడపిల్ల సినిమాలో చేరడానికి మద్రాసు రైలెక్కడం ఆనాడు సామాన్యమైన తెగింపు కాదు.

మద్రాసులో మొదటి కొలువు జెమినీ స్టూడియోలో. చంద్రలేఖ చిత్రం కోసం నాట్యం చేసే అమ్మాయిలను తీసుకుంటున్నారు. నెలకు 65 రూపాయల జీతం ఇస్తామన్నారట. ఈమె ఆ మొత్తం చాలదని నేరుగా వాసన్ గారితోనే చెప్పి 75 చేయించుకున్నారు. పది రూపాయల ఇంక్రిమెంటు కోసం మనం ఎన్ని మెమొరాండాలు ఇచ్చామో, ఎన్ని ధర్నాలు చేశామో తలుచుకుంటే, కొత్తగా వచ్చిన ఒక పిల్ల జెమినీ అధిపతి ఎదుట నిలబడి ఆ పని ఒక్క మాటలో సాధించుకోవడం నాకు ఎప్పుడూ ముచ్చటగానే ఉంటుంది.

1946లో నారద నారదిలో చిన్న వేషం, అదే ఏడాది ఎల్.వి.ప్రసాద్ గారి గృహప్రవేశంలో కాస్త చెప్పుకోదగ్గ పాత్ర వచ్చాయి. 1949లో ధర్మాంగదలో మూగ వేషం వేశారు. తర్వాత యాభై ఏళ్ళ పాటు తెలుగు వారి చెవుల్లో మోగబోయే గొంతుకు ఆ సినిమాలో ఒక్క మాట కూడా ఇవ్వలేదు!

ఆమె మనసు మాత్రం కథానాయిక వేషం మీదే ఉండేది. ఆ అవకాశం సౌదామిని చిత్రంలో చేతి దాకా వచ్చింది. అంతలో కారు ప్రమాదం జరిగి ముఖానికి గాయమైంది. వేషం చేజారిపోయింది. 1951లో ఆ సినిమా వేరే నాయికతో విడుదలైంది. మరొకసారి బొంబాయి నుంచి ఒక నిర్మాత నాయికగా పిలిచారట. అయితే అంతకు ముందు ఆ వేషానికి కుదుర్చుకున్న నటిని తప్పించి తనను తీసుకుంటున్నారని తెలిసి, ఒకరి నోటి దగ్గర కూడు తనకు వద్దని ఆమె వెళ్ళలేదని చెబుతారు. తెర మీద కోడలి పసుపు కుంకాల పొలం దగ్గర నుంచి మరదలి మెడలో గొలుసు దాకా లాక్కున్న మనిషి, బయట ఇటువంటిది.

గాయం మానాక వచ్చిన వేషం 1950 నాటి సంసారంలో అత్తగారు. అప్పటికి ఆమె వయసు 26. ఆ వయసులో మన ఇళ్ళలో ఆడపిల్లలు అత్తగారి చేత మాటలు పడుతూ ఉండేవారు, అనడం అప్పటికింకా రాదు. పోనీ ఒక్కసారికే కదా అనుకుని ఒప్పుకున్నారో ఏమో, ఆ సినిమా బ్రహ్మాండంగా ఆడింది. అక్కడితో ఆమె తలరాత ఖాయమైంది. ఆ చిత్రంలోని యువకులు ఎన్.టి.రామారావు గారు, అక్కినేని నాగేశ్వరరావు గారు ఇద్దరూ 1923లో పుట్టినవారు, అంటే ఆమె కన్నా పెద్దవారు. వారు మరో ముప్పై ఏళ్ళు తెర మీద యువకులుగానే ఉండగా, ఈమె మొదటి నుంచే ముసలి చీర కట్టుకుని కూర్చున్నారు. ఈ లెక్క ఆడవారి విషయంలోనే ఎందుకిలా తేలుతుందో సినిమా వారే చెప్పాలి.

అదే 1950లో ఆమె వివాహం జరిగింది. భర్త శ్రీ పెద్దిభొట్ల వెంకట చలపతిరావు గారు హైకోర్టు న్యాయమూర్తిగా పని చేశారు. బయట అందరికీ తీర్పులు చెప్పే వారింట్లో ఏ తగవూ లేకుండానే సంసారం సాగింది. పిల్లలు కలగలేదు. సోదరి కుమారుణ్ణి దత్తత తీసుకుని పెంచుకున్నారు.

ఇక వేషాల సంగతి. ఆమె వేసినవన్నీ అత్త వేషాలే అని చాలామంది అనుకుంటారు, అది పొరపాటు. తోడి కోడళ్ళు (1957) లో ఆమె రేలంగి గారి భార్య, ఉమ్మడి కుటుంబంలో ఒక కోడలు. వెలుగు నీడలు (1961) లో తనకు బిడ్డ పుట్టగానే పెంచుకున్న పిల్లను చులకన చేసే తల్లి. కలసివుంటే కలదు సుఖంలో అన్నదమ్ముల పొత్తును విడగొట్టే ఇల్లాలు. ఇవన్నీ 1950లు, 60లలో మన కళ్ళెదుట నడిచిన కథలే. ఒక అన్న పొలం చూస్తాడు, ఒక తమ్ముడు పట్నంలో నెల జీతగాడవుతాడు. ఆ జీతం ఎవరి చేతికి రావాలి, నెయ్యి ఎవరి విస్తట్లో ఎక్కువ పడింది, గాదె తాళం ఎవరి బొడ్లో ఉండాలి అన్న పేచీలతో ఎన్ని పెంకుటిళ్ళ నడుమ గోడలు లేచాయో రెవెన్యూ శాఖలో పని చేసినవారికి వేరే చెప్పనక్కర లేదు. పంపకాల దస్తావేజుల్లో మనం అన్నదమ్ముల పేర్లే రాసేవాళ్ళం. దాని వెనుక వంటింట్లో జరిగిన యుద్ధం సూర్యకాంతం గారి సినిమాల్లో కనబడేది. అందుకే జనం ఆమెను నటి అని అనుకోలేదు, తమకు తెలిసిన మనిషి అనుకున్నారు.

నటనలో ఆమెది ఎవరి దగ్గరా నేర్చిన పద్ధతిలా తోచదు. ఎడమ చెయ్యి వాటం. కోపం వచ్చినా, ఎత్తి పొడిచినా ఆ ఎడమ చెయ్యే ముందుకు వచ్చేది. మాట మధ్యలో గొంతు ఒక్కసారి పైకి పోయి, మగవాడు ఎదురు తిరగ్గానే ఏడుపులోకి దిగేది, ఆ ఏడుపులో కూడా ఒక కన్ను ఎదుటివాడు లొంగాడా లేదా అని చూసేది. ఇంత చేసినా ప్రేక్షకుడికి ఆమె మీద కసితో పాటు నవ్వూ వచ్చేది. అదే ఆమె ప్రత్యేకత. గయ్యాళి వేషాల్లో ఛాయాదేవి గారు కూడా గొప్ప నటి, కాని ఆవిడను చూస్తే భయమే గాని నవ్వు రాదు.

మాయాబజార్ (1957) లో ఆమె హిడింబి. రాక్షసి అన్నమాటే గాని ఆ సినిమా అంతటిలో ఆమెది చల్లని తల్లి పాత్ర. అడవికి వచ్చిన సుభద్రను తోడికోడలిగా ఆదరిస్తుంది, కొడుకు ఘటోత్కచుణ్ణి ముద్దు చేస్తుంది. ఆ కొడుకు రంగారావు గారు 1918లో పుట్టారు, తల్లి కన్నా ఆరేళ్ళు పెద్ద! సినిమా చూస్తున్నంత సేపూ ఈ సంగతి ఎవరికీ స్ఫురించదు. మానవ స్త్రీగా గయ్యాళితనం, రాక్షసిగా సాధుగుణం ఆమెకే దక్కిన చిత్రమైన వాటా.

1962 జూన్‌లో విడుదలైన గుండమ్మ కథ గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, సభ్యులు మన్నించాలి. విజయా వారి చిత్రం, దర్శకులు కమలాకర కామేశ్వరరావు గారు. కన్నడంలో వచ్చిన మనె తుంబిద హెణ్ణు దీనికి మూలం. రామారావు, నాగేశ్వరరావు, సావిత్రి, జమున, రంగారావు గార్లు అందరూ ఒకే సినిమాలో ఉండగా, చక్రపాణి గారు ఆ సినిమాకు సూర్యకాంతం గారి పాత్ర పేరు పెట్టారు. నాయికా నాయకుల్ని పక్కన పెట్టి, ఒక గయ్యాళి విధవరాలి పేరు గోడల మీద అచ్చు వేయించడానికి ఎంత నమ్మకం ఉండాలి! ఆ సినిమా విడుదలైన ఒకటి రెండేళ్ళకు గాని మా వైపు డేరా హాళ్ళకు రాలేదు. నేల మీద ఇసకలో కూర్చుని చూశాను. సవతి కూతుర్ని పనిమనిషిని చేసి, సొంత కూతుర్ని దొరసానిలా పెంచే గుండమ్మ మీద ఆడవాళ్ళ వైపు నుంచి తిట్లు మొదలయ్యాయి. మా వైపు తిట్లు ఎలా ఉంటాయో తెలుసు కదా, ఇక్కడ రాయను. నిక్కరు తొడుక్కున్న రామారావు రుబ్బురోలు దగ్గర కూర్చుంటే డేరా అంతా ఈలలు.

అయితే కథ చివరికి వచ్చేసరికి ఛాయాదేవి గారి దుర్గమ్మ ఆ ఇంట్లో చేరుతుంది. తాళాలు ఆమె బొడ్లోకి పోతాయి. గుండమ్మ తన ఇంట్లోనే తిండికి, మంచినీళ్ళకు దిక్కు లేనిదై గదిలో బందీ అవుతుంది. గంట సేపటి నుంచి ఆమెను తిట్టిపోస్తున్న ఆడవాళ్ళే ఆ ఘట్టంలో పైటచెంగులు కళ్ళకు అద్దుకోవడం నేను చూశాను. చివరికి ఆమెను విడిపించడానికి వచ్చేది కూడా ఆ సవతి కూతురే. ఆ పాత్రలో గయ్యాళితనం ఎంత ఉందో, తెలివితక్కువతనం, ఒంటరితనం అంతకన్నా ఎక్కువ ఉన్నాయి. భర్త లేని మనిషి, కాస్త ఆస్తి, దాని మీద పదిమంది కన్ను. నోరు చేసుకోకపోతే బతకలేనన్న భయం. సూర్యకాంతం గారు ఆ భయాన్ని ఎక్కడా మాటల్లో చెప్పకుండా మొదటి నుంచీ ముఖంలో ఉంచారని నాకు చాలా ఏళ్ళ తర్వాత, దూరదర్శన్‌లో చూసినప్పుడు గాని తెలియలేదు. ఆ వేషం వేసే నాటికి ఆమెకు 38 ఏళ్ళు కూడా నిండలేదు.

షూటింగుకు వేళ తప్పకుండా వచ్చేవారని, డబ్బు విషయంలో మొహమాటం లేకుండా రావలసింది రాబట్టుకునేవారని ఆమెతో పని చేసినవారు చెబుతూ వచ్చారు. దీన్ని కొందరు పిసినారితనం అన్నారు. నేను ఒప్పుకోను. చేసిన పనికి జీతం అడగడం తప్పయితే మన సంఘమే ఉండనక్కర లేదు. ఆ పిసినారి గారే ఇంట్లో పులిహోర, పిండివంటలు చేయించి డబ్బాలకెత్తి తెచ్చి సెట్టు మీద చిన్నా పెద్దా అందరికీ దగ్గరుండి పెట్టేవారు. ఒక సినిమాలో చిత్తూరు నాగయ్య గారిని నోటికొచ్చినట్టు తిట్టే వేషం వేసి, షాట్ అయిపోగానే ఆ పెద్దాయన కాళ్ళకు దణ్ణం పెట్టి క్షమాపణ కోరారని చెప్పుకుంటారు.

అంత చేసినా బయట ఆమెను చూసిన ఆడవాళ్ళు దగ్గరకు రావడానికి జంకేవారు. ఇక్కడ గరివిడిలో ఫేకర్ కర్మాగారం పెట్టాక నలుమూలల నుంచి కొత్త కాపురాలు వచ్చాయి. క్వార్టర్లలో ఏ అత్తగారు గట్టిగా మాట్లాడినా వెనకాల ఆ పేరే పెట్టేవారు. మా దూరపు బంధువు ఒకావిడ అసలు పేరే సూర్యకాంతం. చీమకు కూడా హాని తలపెట్టని మనిషి. గుండమ్మ కథ వచ్చాక ఆమె కోడలికి పుట్టింటి వారు జాలి చూపించడం మొదలు పెట్టారు! ఆవిడ విసిగిపోయి, తనను కాంతమ్మ అని మాత్రమే పిలవమని బంధువులందరికీ చెప్పుకుంది. పోయేదాకా ఆవిడ కాంతమ్మే. పింఛను కాగితాల మీద తప్ప అసలు పేరు ఎక్కడా లేదు. ఇటువంటి కాంతమ్మలు ఇంకా ఎంతమందో. నటి సూర్యకాంతం గారికి మాత్రం ఆ పేరు మార్చుకునే దారి లేదు.

1978లో భర్త పోయారు. ఆ తర్వాత కూడా ఆమె నటన మానలేదు. ఉమ్మడి కుటుంబాలు తగ్గి, కథలు మారి, పాత్రలు చిన్నవవుతూ వచ్చాయి. అయినా పిలిచిన చోటికి వెళ్ళి వేషం వేశారు. 1994లో చిరంజీవి గారి ఎస్.పి.పరశురాం చిత్రంలో కనిపించారు. డెబ్బై ఏళ్ళు నిండాక మద్రాసులో కన్నుమూశారు. ఉద్యోగి అయితే 58కి ఇంటికి పంపేసేవాళ్ళం.

2024 అక్టోబరుకు ఆమె పుట్టి నూరేళ్ళు నిండాయి. ఆ వారంలో మా వీధి అరుగు మీద నలుగురం పెన్షనర్లం చేరి, ఒక మిత్రుని మనవరాలి ఫోనులో గుండమ్మ కథ పెట్టించుకుని చూశాం. ఆ పిల్ల ఇంజనీరింగు చదువుతోంది, పాత సినిమాలు చూసే అలవాటు లేదు. దుర్గమ్మ గదికి తాళం వేసేసరికి ఫోను మా చేతికివ్వడం మానేసి తన కేసి తిప్పుకుంది. గుండమ్మకు ఎవరైనా కాసిని మంచినీళ్ళు ఇస్తారా లేదా అని మమ్మల్ని అడిగింది.