సర్ చార్లెసు పార్సన్సు

ఓడను నడపుటకు పాతయంత్రము మేలా, క్రొత్తయంత్రము మేలా యను ప్రశ్న ఓడలున్నంతకాలము ఉండును. తెరచాపను విడిచి ఆవిరిని నమ్మిన నాడును, ఆవిరిని విడిచి డీజిలు నూనెను నమ్మిన నాడును జనులు దీనిని తర్కించిరి. నేడు మోటారు విహారనౌకలను కట్టించుకొనువారును డీజిలు యంత్రము మేలా, విద్యుచ్ఛక్తి మేలా యని ఆలోచించుచున్నారు. ఇట్టి ప్రశ్నలు పరీక్షవలననే తేలవలెనని తన పనులవలన లోకమునకు చూపిన మహనీయుడు సర్ చార్లెసు పార్సన్సు. ఆయన చరిత్రమును మా విద్యార్థులకొరకు మేమిచట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

చార్లెసు 1854 సంవత్సరము జూను 13వ తేదీని లండను నగరమున జన్మించెను. ఆయన తండ్రి ఐర్లండు దేశమునందలి రాస్ ప్రభువు. 72 అంగుళముల వెడల్పుగల దర్పణముతో గొప్ప దూరదర్శినిని నిర్మించి ప్రఖ్యాతినందిన ఖగోళశాస్త్రజ్ఞుడాయన. ఆ ప్రభువు కోటలో కొలుములును, పనిముట్లును సమృద్ధిగా నుండెను. బాలుడు పాఠశాలకు పోక ఇంటనే ఉపాధ్యాయులవద్ద చదువుకొనెను. గణితముతోపాటు చేతిపనియు అభ్యసించెను. తరువాత డబ్లిను నగరమునను, పిదప కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునను చదివి, 1877లో గణితశాస్త్ర పరీక్షయందు పదునొకండవవాడుగా నెగ్గెను. ప్రభువుల బిడ్డలు సాధారణముగా పోని మార్గమున నాతడు పోయెను. న్యూకాజిలు పట్టణమునందలి ఆర్మ్‌స్ట్రాంగు కార్ఖానాలో చేరి పని నేర్చుకొనెను.

ఆ కాలపు ఆవిరియంత్రములలో పిస్టను సిలిండరులో ముందునకును వెనుకకును కదలుచుండెడిది. ఆ కదలికను మరల చక్రభ్రమణముగా మార్చవలసియుండెను. గాలిమర ఱెక్కలను గాలి త్రిప్పునట్లు ఆవిరియే తిన్నగా ఇరుసును త్రిప్పిన నీ శ్రమ తప్పునుగదా యని పార్సన్సు తలంచెను. కాని ఆవిరి బయలువెడలు వేగము మితిమీరినది. కొండమీదినుండి దుముకు నీటిని మెట్టుమెట్టుగా దింపినట్లు, ఆయన ఆవిరి యొత్తిడిని అనేక చక్రముల వరుసలమీద కొంచెము కొంచెముగా తగ్గించెను. 1884లో నిర్మించిన యా మొదటి టర్బైను నిమిషమునకు 18,000 చుట్లు తిరిగెను. అది ముందుగా విద్యుచ్ఛక్తిని పుట్టించుటకు ఉపయోగపడెను. 1889లో ఆయన భాగస్వాములను విడిచి హీటను అనుచోట సొంత కార్ఖానా పెట్టెను. తాను కనిపెట్టిన దానిపై హక్కులు మాత్రము పాత భాగస్వాములకడనే నిలిచిపోయి, 1894లో గాని ఆయనకు తిరిగి దక్కలేదు.

ఆ సంవత్సరమే ఆయన టర్బీనియా యను 100 అడుగుల పొడవును 9 అడుగుల వెడల్పును గల సన్నని నావను నీటిలోనికి దింపెను. మొదటి పరీక్షలో ఆశాభంగమయ్యెను. నావ గంటకు 20 సముద్రపు మైళ్ళైనను పోలేదు. దోషము యంత్రమునందు లేదని ఆయన కనుగొనెను. నీటిలో తిరుగు ప్రొపెల్లరు మిక్కిలి వేగముగా తిరుగుటచే దాని ఱెక్కలచుట్టు శూన్యములేర్పడి, నీటిపై పట్టు తప్పుచుండెను. చిన్న తొట్టిలో నమూనాలను త్రిప్పి, మెఱపువంటి వెలుగులో వానిని పరికించి, ఆయన ఈ సంగతిని తేల్చెను. పిమ్మట మూడు టర్బైనులను, మూడు ఇరుసులను, ఇరుసునకు మూడేసి చొప్పున తొమ్మిది ప్రొపెల్లరులను అమర్చగా నావ 34 సముద్రపు మైళ్ళ వేగమునందెను. 1897 జూను 26వ తేదీని స్పిట్‌హెడ్డువద్ద విక్టోరియా రాణి వజ్రోత్సవ నౌకాప్రదర్శనము జరుగుచుండగా టర్బీనియా బారులుతీరిన యుద్ధనౌకల నడుమ దూసికొనిపోయెను. అడ్డగింప వచ్చిన పడవలు దానిని అందుకొనజాలవయ్యెను.

కాని కీర్తివెంట విపత్తు వచ్చెను. 1901లో టర్బైనులుగల వైపరు, కోబ్రా యను రెండు యుద్ధనౌకలు వరుసగా నశించెను. మొదటిది పొగమంచులో రాళ్ళకు తగిలెను. రెండవది సముద్రమధ్యమున విరిగి 67 మంది మరణించిరి. వారిలో పార్సన్సు సొంత మనుష్యులును ఉండిరి. విచారణలో దోషము టర్బైనులయందు కనబడలేదు. అయినను క్రొత్తదానిపై జనులకు సంశయము కలుగుట సహజమేకదా. అదే సంవత్సరము కింగ్ ఎడ్వర్డు అను ప్రయాణికుల ఓడ టర్బైనులతో క్షేమముగా నడిచెను. 1903లో ఎమరాల్డు అను విహారనౌక టర్బైనులతో అట్లాంటికు సముద్రమును దాటెను.

పిదప ఒకే తీరుగల ఓడలకు వేర్వేరు యంత్రములమర్చి పోల్చిచూచిరి. నాలుగు క్రూయిజరులలో అమెథిస్టు అను దానికి మాత్రము టర్బైనులు పెట్టిరి. సుమారు 14 మైళ్ళకు మించిన వేగమున టర్బైనునకు బొగ్గు తక్కువ పట్టెను. అంతకు తగ్గిన వేగమున పాతయంత్రమునకే తక్కువ పట్టెను. ఈ ఫలితమును విద్యార్థులు చక్కగా గమనింపవలెను. ఏ యంత్రము మేలనునది ఓడ చేయవలసిన పనినిబట్టి యుండును. వేగము కావలసిన ఓడలు టర్బైనును కోరెను: 1906లో డ్రెడ్నాటు యుద్ధనౌకయు, 1907లో మారిటేనియా, లూసిటేనియా యను మహానౌకలును దానితోనే నడిచెను.

మెల్లగా నడచు సరకుల ఓడల మాటేమి? టర్బైను వేగముగా తిరిగిననే లాభము. ప్రొపెల్లరు మెల్లగా తిరిగిననే లాభము. ఈ చిక్కును విడదీయుటకు పార్సన్సు వెస్పేసియను అను పాత సరకుల ఓడను కొనెను. అందలి పాతయంత్రమును మొదట బాగుచేయించి, దాని ఖర్చును సరిగా కొలిపించెను. తరువాతనే దానిని తీసివేసి, పండ్లచక్రములతో వేగమును తగ్గించు టర్బైనును అమర్చెను. బాయిలరును ప్రొపెల్లరును మార్చలేదు. ఖర్చు సుమారు నూటికి 15 వంతులు తగ్గెను. తనకు పోటీయైన యంత్రమును మొదట బాగుచేయించి పిమ్మట తూచుట ఎంతటి న్యాయబుద్ధి! ఆయన కనుగొన్న యంత్రములన్నింటికంటె ఈ గుణమే గొప్పదని మేము తలంచుచున్నాము.

1911లో ఆయనకు సర్ బిరుదమును, 1927లో ఆర్డర్ ఆఫ్ మెరిటు గౌరవమును లభించెను. ఏకైక పుత్రుడు 1918లో యుద్ధమున మరణించెను. భార్యయు, కుమార్తె రేచెలును 1919లో స్త్రీల ఇంజనీరింగు సంఘమును స్థాపించినవారిలో నుండిరి. 1931 ఫిబ్రవరి 11వ తేదీని ఓడప్రయాణములో, జమైకా తీరమున, ఆయన పరమపదించెను.

నేడు ఓడలలో చాలవఱకు డీజిలు యంత్రములే టర్బైను స్థానమును ఆక్రమించినవి. అయినను లోకమునకు కావలసిన విద్యుచ్ఛక్తిలో అధికభాగమును ఆవిరి టర్బైనులే పుట్టించుచున్నవి. టర్బీనియా న్యూకాజిలు ప్రదర్శనశాలలో భద్రముగా నున్నది. నిన్నటి క్రొత్త నేటి పాతయగును. కావున విద్యార్థులారా, పాతదియని దేనిని త్రోసివేయకుడు, క్రొత్తదియని దేనిని నమ్మకుడు. రెంటిని ఒకే త్రాసులో తూచి, మేలైనదానిని గ్రహింపుడు.