స్టూడియో తాకట్టు పెట్టి ‘కదిలే బొమ్మ’ తెచ్చారు.. రఘుపతి వెంకయ్య కథ ఇదీ!

బాపట్ల సూర్యలంక బీచ్‌లో ఎగసే అల, తెనాలి వైపు బండలాగుడు పోటీల్లో ఎడ్ల పరుగు, రేపల్లె స్టేషన్‌లోకి వచ్చే రైలు.. ఏదైనా సరే, ఫోన్ తీశామా, నొక్కామా, అంతే! కానీ బొమ్మ కదలడం కోసం బతుకుతెరువునే పణంగా పెట్టిన తెలుగు ఫొటోగ్రాఫర్ ఒకరున్నారు. ఆయనే తెలుగు సినిమా పితామహుడు రఘుపతి వెంకయ్య నాయుడు.

కదిలితే ఫొటో పాడే!

రేపల్లె దగ్గర పెనుమూడి వారధి మీదుగా కృష్ణ దాటి వెళ్తే మచిలీపట్నం. 1869లో వెంకయ్య పుట్టింది అక్కడే. చిన్న వయసులోనే మద్రాసు చేరి బొమ్మలు గీశారు, ఫొటోలు తీశారు, సొంతంగా స్టూడియో పెట్టారు. అప్పట్లో వాడే గాజు ప్లేట్లకు వెలుతురు ఎక్కువ సేపు కావాలి. స్టూడియోలో షట్టర్ సెకను పాటో, ఇంకాసేపో తెరిచి ఉంచాల్సి వచ్చేది. ఆలోపు చెయ్యి కదిపితే ఫొటోలో మసకే!

కిటుకు షట్టర్‌దే

సినిమా కెమెరా దీన్ని తిరగేసింది. మూకీల రోజుల్లో సెకనుకు దాదాపు 16 బొమ్మలు తీసేవారు. ఒక్కో బొమ్మకు షట్టర్ తెరుచుకునేది సెకనులో 30వ వంతు అటూఇటూ. ప్రొజెక్టర్‌లోనూ షట్టర్ ఉంటుంది. రీలు ముందుకు జరిగేటప్పుడు అది వెలుగును ఆపేస్తుంది. అందుకే తెర మీద రీలు జరగడం కనపడదు, మనిషి నడవడమే కనిపిస్తుంది.

30 వేల పందెం

1909లో వెంకయ్య కంట ‘క్రోనోమెగాఫోన్’ పడింది. బొమ్మతో పాటు గ్రామఫోన్ శబ్దం కూడా వినిపించే యంత్రం. ధర 30 వేల రూపాయలని చెబుతారు. అంత డబ్బు లేదు. దాంతో అన్నం పెడుతున్న స్టూడియోనే తాకట్టు పెట్టేశారు. మద్రాసులో ప్రదర్శనలు వేశారు. ఆ తర్వాత దక్షిణాది ఊళ్లు తిరిగారు, శ్రీలంక, బర్మా కూడా వెళ్లొచ్చారు.

పందెం ఫలించింది. మద్రాసులో గెయిటీ థియేటర్ కట్టారు. తర్వాత క్రౌన్, గ్లోబ్ వచ్చాయి. అక్కడితో ఆగలేదు. సినిమా తీయడం నేర్చుకు రమ్మని కొడుకు ప్రకాష్‌ను విదేశాలకు పంపారు. తండ్రీకొడుకులు ‘స్టార్ ఆఫ్ ది ఈస్ట్’ సంస్థ పెట్టి 1921లో మూకీ సినిమా ‘భీష్మ ప్రతిజ్ఞ’ తీశారు. దర్శకుడు ప్రకాషే, భీష్ముడి వేషమూ ఆయనదే.

కానీ ఆ సంస్థ ఎక్కువ కాలం నిలవలేదు. 1941లో వెంకయ్య కన్నుమూశారు. 1980లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆయన పేరిట సినీ పురస్కారం పెట్టింది. తెలుగు సినిమాకు జీవితాంతం చేసిన సేవకు ఇచ్చే ఆ గౌరవం, నిలిచిన బొమ్మను నమ్ముకుని బతికి, కదిలే బొమ్మ కోసం దాన్నే తాకట్టు పెట్టిన ఫొటోగ్రాఫర్ పేరు మీదే ఉంది.